జంతికల శాంతి ఒప్పందం

గౌరవనీయురాలైన పిన్ని సముఖానికి,

వాట్సాప్‌లో పెడితే ఫ్యామిలీ గ్రూపంతా మధ్యవర్తులైపోతుందని భయపడి కాగితం మీద రాస్తున్నాను.

శుభవార్త! రాయదుర్గం ఆఫీసులో రిపోర్టులు రాసుకునే నన్ను మా సంస్థ ఏడాదిపాటు లైబీరియా పంపుతోంది. అంతర్యుద్ధంలో కొట్టుకున్న రెండు ఊళ్ల చేత కలిసి ఒకే బావి తవ్వించాలి. అక్కడ ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు. ఒక ఊరు తవ్వుతుంటే రెండో ఊరు మట్టి ఎత్తిపోయాలి. నీళ్లు పడేలోపు మాటలు కలుస్తాయని మా సిద్ధాంతం.

అమ్మ అంతా విని, "నన్ను నా చెల్లెలితో కలపలేనిదానివి, పరాయి దేశాన్ని కలుపుతావటే? ముందు ఇక్కడ చేసి చూపించు, అప్పుడు వెళ్దువుగాని" అంది. మీ అమ్మాయి రసజ్ఞ పెళ్లిలో తను లేకుండా నువ్వు తీయించిన గ్రూపు ఫొటో ఆవిడ గుండెల్లో ఇంకా మండుతోంది.

కాబట్టి ఆదివారం నార్సింగిలో మా ఇంటికి రా. సారీ చెప్పకు, ఫొటో ఊసెత్తకు. నా ప్రయాణానికి జంతికలు వండాలి. ఒకరు పిండి వత్తాలి, ఒకరు నూనెలో తిప్పాలి. మూకుడు ముందు అలిగి కూర్చుంటే మాడిపోతాయి.

ఈ కుట్ర అమ్మకు తెలియదనే అనుకున్నాను. ఇప్పుడే నా భుజం మీంచి తొంగిచూసి, "జంతికల గొట్టం దాన్నే తెమ్మను, మనది పాడైంది. మెట్రో దిగాక ఆటో ఎక్కొద్దని రాయి, నువ్వెళ్లి తీసుకురా" అంది.

పిన్నీ, అటక మీంచి సూట్‌కేసు దించేశాను!

నీ అక్క కూతురు