నోడ్ ఇంట్లోనే ఉంటుంది

అత్తయ్యా,

టీవీ పక్కనున్న నల్లపెట్టె స్విచ్ మాత్రం ఆపకండి. ఇస్త్రీపెట్టెకి వంటగదిలో ప్లగ్గు ఖాళీ చేశాను. ఆ పెట్టే నా నోడ్, అంటే చిన్న కంప్యూటరు. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ మొదటినుంచీ దించుకుని సరిచూసుకుంటోంది. మధ్యలో కరెంటు ఆపితే అంతా పాడైపోవచ్చు.

ఇన్నాళ్ళూ దాన్ని అద్దె సర్వర్‌లో నడిపాను. పోయినవారం ఆ కంపెనీవాళ్ళు "మా రూల్సు మారాయి" అని ఒక్క ముక్క రాసి, మొత్తం తుడిచిపెట్టేశారు. ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మన లెక్క మనమే చూసుకుందామని పెట్టుకున్నదాన్ని, తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టడమేంటి? మీ అబ్బాయేమో "ఇంకో కంపెనీలో అద్దెకి తీసుకో, ఇంట్లో ఈ రొదేంటి" అంటున్నారు. సామాను వీధిలో పడ్డవాళ్ళకే తెలుస్తుంది అద్దె కొంప సంగతి. నేను తియ్యను. ఆయన మీచేత చెప్పించినా తియ్యను.

నిన్న మీరు కూడా "కందిరీగల తుట్టె తెచ్చిపెట్టావే తల్లీ" అన్నారు. కాస్త మనసు చివుక్కుమంది.

సాయంత్రం ఆలస్యమవుతుంది, అన్నం తినేయండి.

చెప్పులేసుకుంటూ ఇప్పుడే చూశాను. మీ మంచం దగ్గరి ఫ్యాను, ఆ నల్లపెట్టె వైపు తిప్పి ఉంది. ఎంత వేడెక్కినా ఆ పెట్టె తట్టుకుంటుందండీ. ఫ్యాను మీ వైపు తిప్పుకుని పడుకోండి.