మన ఇంటి గ్రూపు రక్తం

తమ్ముడికి,

నాన్నకు ఆపరేషన్ అయిన రోజు రక్తం ఇవ్వడానికి వస్తానని మాటిచ్చి, నువ్వు రాలేదు. నేనిచ్చింది చాలలేదు. నాన్న దక్కలేదు.

మొన్న నాకు మోకాలు మార్చారు. రక్తం ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు, కట్టు బిగించారు. అయినా మోకాలి నుంచి గొట్టంలో కారే రక్తంతో మంచం పక్కన వేలాడే సీసా నిండుతూనే ఉంది. రక్తం ఎక్కించాలన్నారు డాక్టర్. మన ఇంటి గ్రూపు బయట దొరకదని నీకూ తెలుసు.

నీ కూతురు వచ్చి ఇచ్చింది. "నాన్నకు చెప్పకుండా వచ్చాను, పెదనాన్నా. మీ కోపం ఎక్కడికీ పోదులెండి, ముందు రక్తం ఎక్కించుకోండి," అంది. నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది.

ఎక్కించుకున్నాను. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాను.

నేను చదివిన నవలల్లో అన్నదమ్ములు ఇలాంటిచోట కలిసిపోతారు. ఆ పిల్ల నీ మాట నిలబెట్టిందనుకోకు. తన మంచితనం తనది. నాన్న పోయినందుకు నేను తప్పుపట్టేది ఇప్పటికీ నిన్నే, తమ్ముడూ.