గౌరి కోసం ముయ్యి

అత్తా,

ఎలా ఉన్నావు? నేను సుజాతను. నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే నీ సంవత్సరీకం చేశాము. నీ కొడుకు తోరణగల్లు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో నేరుగా ఇంటికొచ్చి, తలస్నానం చేసి కూర్చున్నాడు. నీకిష్టమని అలసంద వడలు చేశాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలుసు... ఆ మాట అనే మనిషి లేక ఇల్లు బోసిపోయింది.

ఇప్పుడు చెప్పాల్సింది గౌరి సంగతి. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా విను. నీ మనవరాలు అంగన్‌వాడీకి పోతోంది.

అవును, నువ్వు వద్దన్న చోటికే.

పుట్టగానే ఏడవని బిడ్డ మన గౌరి. నాలుగేళ్ళు నిండినా తనంతట తాను కూర్చోలేదు. మాట తిరగదు, చేతులు చెప్పినట్టు వినవు. కానీ అన్నీ తెలుస్తాయి. నువ్వు పొయ్యి దగ్గర నుంచి లేస్తే చాలు, ఎటు పోతున్నావో కళ్ళతో వెతికేది. బయటికి పంపుదామని నేనన్నప్పుడల్లా నువ్వు ఇంతెత్తున లేచేదానివి. "యాడికీ వద్దమ్మే. వాళ్ళకేం తెల్సు ఈ బిడ్డ సంగతి? నేనుండాను గదా. నేనుండే వరకూ దీన్ని చూసి ఎవురూ అయ్యో పాపం అనగూడదు" అనేదానివి.

నువ్వుండే వరకూ అన్నావు. మరి ఆ తర్వాత ఏం చేయాలో ఎందుకు చెప్పలేదు అత్తా?

కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక నేను, గౌరి మిగిలాము. మన వీధి సంగతి నీకు తెలియనిదా... అందరివీ చిన్న చేలే, కూలీలను పెట్టి మిరప కోయించే తాహతు ఎవరికీ లేదు. అందుకే ముయ్యి. ఈ రోజు ఆమె చేలో నేను కోస్తే రేపు నా చేలో ఆమె కోస్తుంది. నువ్వు గౌరిని ఒళ్ళో పెట్టుకుని ఇంట్లో ఉండబట్టి నేను ముయ్యికి పోయాను. నేను పోబట్టి మన కాయ కళ్ళానికి చేరింది. ఇప్పుడు నేను పోకపోతే మన చేనికి ఎవరొస్తారు? పోతే గౌరి ఎవరి దగ్గర ఉండాలి?

నువ్వు పోయిన కొత్తలో ఒకసారి చేనికే తీసుకుపోయాను. ట్రాలీ కింద నీడలో దుప్పటి పరిచి పడుకోబెట్టాను. మిరప ఘాటుకు బిడ్డ దగ్గి దగ్గి నీలంగా అయిపోయింది. ఎత్తుకుందామంటే నా చేతుల నిండా కారమే. "మిరప చేతుల్తో బిడ్డను ముట్టద్దు, ముందు మజ్జిగతో కడుక్కోని రా" అని తిట్టేదానివి కదా... ఆ చేనిలో మజ్జిగ ఎక్కడుంది? ఇంకా కాయ ముట్టని మన వీధి లక్ష్మక్క తన చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కొచ్చి ఎత్తుకుంది. ఆ రోజే అనుకున్నాను, ఇక ఇలా కుదరదని.

అంగన్‌వాడీ మిస్సు దగ్గరికి పోయాను. ఆమె పొమ్మనలేదు అత్తా, అబద్ధమెందుకు చెప్పాలి. గౌరి గడ్డం పట్టుకుని ముద్దు చేసింది. తర్వాత తన తల పట్టుకుంది. "బిడ్డ ఉండేది నాకు కష్టం లేదమ్మా. ఆయా వంట చేయాల, నేను ఇంతమందిని చూడాల. తినిపించేదానికి, బట్టలు మార్చేదానికి ఇన్నొబ్బరు బేకు" అని కన్నడం కలిపి అంది. ఇంకొకరు కావాలట. ఆ ఇంకొకరు ఎవరో, ఎక్కడుంటారో ఆమెకూ తెలియదు. కూర్చోబెట్టేందుకు కుర్చీ ఏదైనా దొరికితే తీసుకురమ్మంది. కోతలు మొదలయ్యే దాకా పక్కన నన్నే కూర్చోమంది.

కుర్చీ ఎక్కడ దొరుకుతుంది? నాకేం తెలుసు... పంచాయతీలో దివ్యాంగుల పనులు చూసే బసవరాజును అడగమని ఎవరో చెప్పారు. పోలియో వచ్చిన మనిషి, మూడు చక్రాల బండి మీద ఊరంతా తిరుగుతాడు, ఒకసారి మనింటికొస్తే నువ్వు తలుపు వేసేశావు చూడు, ఆయనే. ఆ మాట ఎత్తి నవ్వాడు. "మీ అత్త కోపం మంచిదేలే అక్కా, బిడ్డ మింద పేమ" అన్నాడు. ముందు దివ్యాంగుల కార్డు చేయించాలన్నాడు. ఆయన చెప్పిన రోజున బళ్ళారికి పోతే ఆ రోజు డాక్టర్లే రాలేదు. గౌరిని భుజాన వేసుకుని బస్టాండులో కూర్చుని నిన్ను తలుచుకున్నాను. బసవరాజును మాత్రం గట్టిగానే తిట్టుకున్నాను. ఇంకోసారి ఆయనే వెంట వచ్చాడు.

కార్డు వచ్చింది. తర్వాత ఒక క్యాంపులో కుర్చీ కూడా ఇచ్చారు. చక్రాలు, నడుముకు పట్టీ, ముందు బల్ల, మెడకు ఆసరా... బిడ్డ కొలతలు తీసుకుని మరీ ఇచ్చారు. ఇవన్నీ ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నాయట అత్తా. మనకు చెప్పేవాళ్ళు లేక, మనం అడగక...

ఇప్పుడు నీ కొడుకు చేసిన పని చెబుతాను. నవ్వొద్దు.

మనవాళ్ళు ఇంటికి చక్రాలున్నది ఏదొచ్చినా పూజ చేయకుండా వాడరు కదా. కుర్చీకి పసుపు పూశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. టెంకాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు కూడా! గౌరిని కూర్చోబెట్టి, ఆ దండ తీయకుండానే తోసుకుంటూ అంగన్‌వాడీకి తీసుకుపోయాము. పిల్లలు తగులుకుంటే బిడ్డకు దెబ్బలు తగులుతాయని గోడ వారగా, కాస్త ఎత్తుగా ఉన్న గచ్చు మీద పెట్టాము. నీ కొడుకు మురిసిపోతూ డ్యూటీకి పోయాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. కుర్చీని ముట్టి కళ్ళకద్దుకున్నారు. పోయి వాళ్ళ ఆటలో పడ్డారు. షబానా అని ఒక పిల్ల, వాళ్ళు వీళ్ళు చేస్తుంటే చూసి, గౌరి ఒళ్ళో ఒక బంతిపువ్వు పెట్టి పారిపోయింది. మర్నాడూ అంతే. ఒక్కరంటే ఒక్కరు గౌరితో ఆడలేదు. అల్లరి చేసేవాళ్ళు కూడా ఆ గచ్చు దగ్గరికొస్తే బుద్ధిగా నడిచారు. మేం బిడ్డను బడిలో కూర్చోబెట్టామనుకున్నాం, అమ్మవారిని చేసి కూర్చోబెట్టాము.

గౌరి పైనుంచి వాళ్ళనే చూస్తూ ఉండేది. ఇంట్లో గోడను చూసేది, ఇక్కడ పిల్లల్ని చూస్తోంది, అదే చాలని నేను సర్దుకున్నాను. బసవరాజు వచ్చి గడపలో ఆగి కాసేపు చూశాడు. "పూజ బాగుండాది అక్కా. ఇంగ బిడ్డను కిందికి దించండి" అన్నాడు. "అందరూ నేల మింద ఉండారు, బిడ్డొక్కటే పైన. నన్నూ ఇస్కూల్లో అట్లే బల్ల మింద పెట్టిరి. ఎవురూ కొట్టలా, ఎవురూ పిలవలా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మిస్సు కూడా మొహం తిప్పుకుంది.

బళ్ళారిలో బిడ్డకు కసరత్తులు నేర్పే మేడం నేల మీద కూర్చునే పీట ఎలా ఉండాలో సుద్దముక్కతో గీసి చూపింది. రెండు గోడలు కలిసే మూల ఉంటుంది చూడు, వీపుకు అలాంటి ఆసరా, కాళ్ళ మధ్య చిన్న చెక్క. మన వడ్రంగి నాగప్ప వేపచెక్కతో చేసి ఇచ్చాడు. పాత చీరతో బొంత కుట్టి వేశాను. నీ చీరే అత్తా, ఆ ఊదారంగుది... అడగకుండా చించినందుకు ఏమీ అనుకోకు. చక్రాల కుర్చీ ఇంటి నుంచి బడికి తీసుకుపోయేందుకు ఉంది. దండ వాడిపోయింది, తీసేశాము.

నేల మీదికి వచ్చాక ఏమైందో తెలుసా? షబానా గౌరి ముందు చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. గౌరి చెయ్యి ఎప్పటిలాగే విసురుగా లేచింది. మొత్తం కూలిపోయింది. నేను అయ్యో అని లేచాను. పిల్లలు మాత్రం కేకలు వేసి మళ్ళీ పేర్చారు. గౌరి మళ్ళీ కూల్చింది. ఇక చూడు... వాళ్ళు కట్టడం, ఇది పడగొట్టడం. ఆ చెయ్యి అలా లేచినప్పుడల్లా నువ్వు పట్టుకుని మెల్లగా ఒళ్ళోకి దించేదానివి. ఆ చేతికి కూడా ఒక ఆట ఉందని మనకెలా తెలుస్తుంది?

అంతా బాగానే ఉంది కానీ కోతలు దగ్గర పడ్డాయి. నేను చేనికి పోవాలి. మిస్సు అడిగిన ఆ ఇంకొకరు ఏరి? గౌరికి తొందరగా తినిపిస్తే పొలమారుతుంది. పొలమారితే మాటలా? కుర్చీ ఇచ్చేవాళ్ళున్నారు, కార్డు ఇచ్చేవాళ్ళున్నారు... ఒక మనిషిని ఇచ్చే ఆఫీసు మాత్రం ఎక్కడా దొరకలేదు. బసవరాజు కూడా తెలియదని చేతులెత్తేశాడు.

రాత్రంతా మథనపడి, ముయ్యాళ్ళంతా కూడినప్పుడు అడిగేశాను. నా చేనిలో కోతకు ఒక్కొక్కరూ ఒక రోజు తక్కువ రండి, ఆ రోజుకు బదులు అంగన్‌వాడీలో గౌరి పక్కన కూర్చోండి, నేనొచ్చి మీ చేనిలో కోస్తాను అన్నాను. ఎదురింటి సావిత్రి మొహమాటం లేని మనిషి కదా, "ముయ్యంటే చేనిపని సుజాతా. బిడ్డ తావ కూచునేది యాడన్నా ముయ్యి అయితాదా? నా కాయ చెట్లోనే ఎండి రాలిపోతాంటే నేను నీడలో కూచునేదా?" అంది. అందులో అబద్ధమేముంది?

అప్పుడు లక్ష్మక్క అందుకుంది. "మనం చేనికి పోతాంటే మన బిడ్డలు యాడుండిరి సావిత్రీ? వీళ్ళత్త వాకిట్లోనే గదా. నీ కొడుక్కి అన్నం పెట్టింది ఎవురు? ఆయమ్మ ఒక్కరోజన్నా చేనికి రాలేదు, నిజమే. వచ్చింటే మనం పోయేవాళ్ళమా?"

అత్తా, ఆ మాట విన్నాక నువ్వెక్కడున్నా సంతోషపడి ఉంటావు. గౌరిని చూసుకుంటూనే వీధిలో పిల్లలందరినీ వాకిట్లో కూర్చోబెట్టుకున్నావు. దానికి మేమెవ్వరం ముయ్యి అని పేరు పెట్టలేదు. ఇంట్లో ఉండే మనిషి ఎలాగూ ఉంటుందనుకున్నాము.

సావిత్రి ఆ రోజు ఒప్పుకోలేదు. తక్కినవాళ్ళలో అంగన్‌వాడీకి పిల్లల్ని పంపేవాళ్ళు సరేనన్నారు. మిస్సు తన పై మేడంను అడిగితే, తల్లుల సమితి వాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చోవచ్చని ఆమే అంది. తినిపించడం అందరికీ నేనే నేర్పాను. నేర్పేటప్పుడు నా నోట్లోంచి వచ్చినవన్నీ నీ మాటలే. "తొందరపడద్దమ్మే. అది మింగినాంకనే ఇంగో ముద్ద. దాని గొంతు చూడు, నీ చేతిని చూడద్దు." మొదటి రోజు లక్ష్మక్క గౌరికి తినిపించే లోపల తక్కిన పిల్లలు తిని, చేతులు కడుక్కుని, పడుకున్నారట. నేను చేనిలో ఉన్నానన్న మాటే కానీ మనసంతా అక్కడే. నా చేతి కింద పండుకాయలతో పాటు ఎన్ని పచ్చికాయలు తెగాయో.

అన్నీ సర్దుకున్నాయని అనను. వంతు వచ్చిన రోజున ఒకామె పుట్టింటికి పోయింది, ఆ రోజు నేను కోత మానుకున్నాను. ఇంకొకామె మొగుడు గొణుగుతూనే ఉన్నాడు. వచ్చే ఏడాది వీళ్ళ పిల్లలు పెద్దబడికి పోతే ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు. సావిత్రి మాత్రం మొన్న పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చావని నేనడగలేదు. అడిగితే పోట్లాటకొస్తుంది.

నిన్నటి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, అటు ఇటు పోయాను.

నిన్న సాయంత్రం కోత ముగించుకుని, చేతులు మజ్జిగతో కడుక్కుని బిడ్డ కోసం పోయాను. నువ్వు పోయిన తర్వాత చాలాకాలం గౌరి సాయంత్రాలు నీ మంచం వైపు చూసి ఏడ్చేది, నీకు తెలుసో లేదో. నేను ఎత్తుకుంటే ఆ ఏడుపు కాస్త తగ్గేది. అందుకే ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి పరుగున పోతాను. నిన్న గడపలో నిలబడి, ఇంటికి పోదామా గౌరీ అన్నాను. పిల్లలు ఇంకా చెక్కముక్కలు పేరుస్తున్నారు. గౌరి నన్ను చూసింది. నవ్వింది. మళ్ళీ అటు తిరిగింది.

ఎత్తుకోబోతే తల అడ్డంగా తిప్పింది. నేను సరదాకి అనుకున్నాను. భుజాన వేసుకుని రెండడుగులు వేశానో లేదో, ఒళ్ళంతా విల్లులా వంచి ఏడుపు లంకించుకుంది. వీధంతా వినిపించింది. ఏమైందని అందరూ బయటికొచ్చారు. దెబ్బ తగిలిందా, చీమ కుట్టిందా అని అడుగుతున్నారు. ఏమని చెప్పను? నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి అత్తా. నీ బిడ్డ ఇంటికి రానంటోంది. ఇల్లు కాక ఇంకో చోటు ఉంటేనే కదా ఎవరైనా ఇంటికి రానని ఏడ్చేది!

వెనక్కి తిప్పి మళ్ళీ ఆ పీటలో కూర్చోబెట్టాను. మిస్సు తాళంచెవి చేతిలో పట్టుకుని, కాసేపు ఆగుతాలే అంది.

నేను గడపలో కూర్చున్నాను. నా పక్కన నువ్వు కూర్చునేంత చోటు వదిలి కూర్చున్నాను.

నీ కోడలు
సుజాత