ఇస్లాపూర్ బంగారు పురుగు

నాందేడ్,
ఆగస్టు 1997

ప్రియమైన కాశీరాం,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఈసారి ఉత్తరంతో పాటు ఒక డబ్బా కూడా వస్తోంది కాబట్టి ఆ తిట్లు వాపసు తీసుకో.

కాలేజీ పిల్లలను మొక్కల సేకరణకు ఇస్లాపూర్ తీసుకెళ్లాను. మీ ఊరు భోకర్ మీదుగానే పోయాం. జలపాతానికి ఇవతల ఊదారంగు పూల తీగ ఒకటి పొదలన్నీ కప్పేసింది. ఆకులు జల్లెడలా ఉంటే తిరగేసి చూశాను. శనగబద్దంత పెంకు పురుగులు, తాబేలు ఆకారం. రంగు మాత్రం కంసాలి ఇప్పుడే మెరుగు పెట్టిన బంగారం. ఉంగరంలో పొదిగించుకుందామని పిల్లలు గొడవ చేశారు. హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు నేర్పిన పద్ధతిలోనే మందు దూది వేసిన సీసాలో చంపి, అక్కడి బస్టాండులోనే డబ్బాలో సర్ది, మూత చుట్టూ టేపు వేశాను. మళ్ళీ తెరవలేదు.

నేను మొక్కల మేష్టారిని. కలకత్తా మ్యూజియంలో పురుగుల మధ్య బతికేవాడివి నువ్వు. ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి అయితే నాదొక కోరిక. ఇన్నేళ్లుగా బోర్డు మీద ప్రతి మొక్క లాటిన్ పేరూ రాసి, వెనక ఆ పేరు పెట్టిన దొర పేరు రాస్తున్నాను. ఒక్కసారి అలా ఒక పేరు వెనక నా పేరు చూసుకోవాలని ఉంది. నవ్వకు, ఇంట్లో నర్మద ఇప్పటికే నవ్వింది.

నీ
అంబదాస్


కలకత్తా,
అక్టోబరు 1997

ప్రియమైన అంబదాస్,

నేను నవ్వలేదు. నీ డబ్బా వచ్చినప్పటి నుంచి అన్నం కూడా సరిగా సహించడం లేదు.

ఈ ఆకు పురుగుల్లో పైకి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. మగదాని పొట్ట కోసి, లోపలి జననాంగాన్ని మైక్రోస్కోపు కింద పెడితేగాని తేడా తెలియదు. కోశాను. మా దగ్గరున్న పాతవాటిలో దేనితోనూ కలవలేదు. కొత్త జాతే అని నా నమ్మకం. ఇక మీసాల కణుపుల నుంచి వీపు మీది గుంటల దాకా వర్ణన రాయాలి, బొమ్మలు గీయాలి. అచ్చయ్యేదాకా ఎవరితోనూ అనకు. మాలో ముందు అచ్చువేసినవాడు పెట్టిన పేరే నిలుస్తుంది.

ఇంకో మాట. వ్యాసం నా ఒక్కడి పేరు మీదే వెళ్తుంది. దానికి కారణం ఉంది, ఇప్పుడు చెప్పను. నన్ను నమ్ము.

జాతికి ఆధారంగా ఒకదాన్ని ఎప్పటికీ ఇక్కడే ఉంచాలి. సేకరించినవాడికి కొన్ని తిరిగి పంపడం మా ఆనవాయితీ కాబట్టి నాలుగింటిని సూదులకు గుచ్చి పంపుతున్నాను. జాగ్రత్తగా పెట్టుకో, చీమలు పడతాయి.

ఎప్పటికీ నీ
కాశీరాం


నాందేడ్,
డిసెంబరు 1997

ప్రియమైన కాశీరాం,

పెట్టె అందింది. ఒక్క కాలు కూడా విరగకుండా వచ్చాయి.

నర్మద మూత తీసి చాలాసేపు చూసింది. "ఇవి మనయేనా? నాకైతే మనయి అనిపిస్తలేవు" అన్నది. నేను ఊరుకోమన్నాను. మీ దగ్గర వందల పెట్టెలు ఉంటాయి కదా, ఒకదానిలోవి ఇంకోదానిలో పడే అవకాశం ఉందా అని మాత్రం అడుగుతున్నాను. ఎందుకు అడుగుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రామకిషన్ ఉన్నాడు. వ్యాసం నీ ఒక్కడి పేరు మీదే వెళ్తోందని మాటల్లో అతనికి చెప్పాను. "పురుగు నీది, పేరు ఆయనదా? మంచిగనే ఉన్నది" అన్నాడు. అక్కడ నేనూ నవ్వేశాను, ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. ఆ కారణమేదో ఇప్పుడే రాస్తే నాకు నిశ్చింతగా ఉంటుంది.

అంబదాస్


కలకత్తా,
జనవరి 1998

ప్రియమైన అంబదాస్,

అవి మీవేనని నర్మద వదినకు చెప్పు. ప్రతి సూది కింద ఇస్లాపూర్ పేరూ, తేదీ, నీ పేరూ ఉన్న చీటీ ఉంది. చీటీ లేకుండా మేము ఒక్క పురుగును కదిలించం. కలిసిపోవడమన్న మాటే లేదు.

ఎవరితోనూ అనొద్దంటే వెళ్లి రామకిషన్‌కు చెప్పావు. నీ కడుపులో మాట ఆగదని హాస్టల్లో అందరికీ తెలుసు, అందుకే కారణం చెప్పడం లేదు. ముందే చెబితే నా సరదా అంతా పోతుంది. వ్యాసం పత్రికకు పంపేశాను. వేసవికల్లా అచ్చవుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టు.

నీ
కాశీరాం


నాందేడ్,
మార్చి 1998

కాశీరాం,

ఈసారి ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

డిసెంబరులో నేను కావాలనే రంగు మాట ఎత్తలేదు. నువ్వేమంటావో చూద్దామనుకున్నాను. నువ్వూ ఎత్తలేదు. నేను పంపినవి బంగారు పురుగులు. నువ్వు పంపినవి పాతబడిన గోధుమ రంగు పెంకులు. నర్మదకు కనిపించింది, నాకు కనిపించింది, జీవితమంతా పురుగులనే చూసే నీకు కనిపించలేదంటే ఎలా నమ్మాలి? అసలైనవి నీ దగ్గర పెట్టుకుని, ఎక్కడివో పనికిరానివాటిని నా చీటీలతో గుచ్చి పంపావు.

ఇస్లాపూర్ మళ్ళీ వెళ్లాను. తీగ ఎండిపోయింది, ఒక్క పురుగూ దొరకలేదు. ఎవరికైనా చూపిద్దామన్నా నా దగ్గర ఏమీ మిగల్లేదు.

మీ డైరెక్టరుకు ఫిర్యాదు పంపాను. పత్రిక సంపాదకుడికి ఒక నకలు పంపాను. అందులోని ఇంగ్లీషును రామకిషన్ దిద్దాడు. నర్మద మాత్రం వద్దన్నది. "ముందుగాల ఆయన్నే సాఫ్‌గ అడుగు, దోస్తే కదా" అన్నది. అడిగితే ఇంకో అబద్ధం చెబుతావని అడగలేదు.

ఒక కంచంలో తిన్నవాళ్లం. వేరే ఎవరైనా చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అంబదాస్


కలకత్తా,
నవంబరు 1998

ప్రియమైన అంబదాస్,

ఆ మాట అలవాటు కొద్దీ రాశాను. కొట్టేయబుద్ధి కాలేదు.

విచారణ ముగిసింది. నా తప్పేమీ లేదని తేల్చారు. అప్పటిదాకా పత్రికవాళ్లు వ్యాసం ఆపేశారు. ఈలోగా యూరప్‌లో ఒకాయన ఇదే పురుగును వర్ణించి అచ్చువేశాడు. నూరేళ్ల కిందట ఎవరో దొర గోదావరి అడవుల్లో పట్టి తీసుకెళ్లింది ఒకటి అక్కడి మ్యూజియంలో ఉందట. బొమ్మలు పోల్చి చూశాను, మనదే. గోధుమ రంగుది అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. పాపం ఆయన చూసింది ఆ ఎండిన పురుగునే. ఇక ఆ పేరే ఉంటుంది, నేను గానీ నువ్వు గానీ మార్చలేం.

ఈ తాబేలు పురుగుల బంగారం పెంకులోని తడి వల్ల వచ్చేది. చచ్చి ఆరగానే పోతుంది. ఇక్కడ నీ డబ్బా తెరిచేటప్పటికే అన్నీ గోధుమ రంగులో ఉన్నాయి. మేము రోజూ చూసేదే కాబట్టి నీకు చెప్పాలని తోచలేదు, అంతవరకు పొరపాటు నాది. కానీ మొక్కలు ఎండబెట్టేవాడివి నువ్వు. కాగితాల మధ్య నొక్కిపెట్టిన పువ్వు రంగు ఏమవుతుందో ఏటా పిల్లలకు చెప్పేవాడివి.

దాచిన కారణం కూడా రాస్తాను, ఇప్పుడు అందులో సరదా ఏమీ లేదు. మాలో ఎవరూ జాతికి తన పేరు తానే పెట్టుకోరు, సిగ్గుచేటు అంటారు. వ్యాసం మీద నీ పేరు ఉంటే పురుగుకు నీ పేరు పెట్టడానికి వీలుండదు. నువ్వు పేరు వెనక చోటు అడిగావు, నేను పేరులోనే పెడదామనుకున్నాను. పత్రికకు పంపిన కాగితాల్లో దాని పేరు అంబదాసి, లాటిన్‌లో అంబదాస్‌ది అని. నీకు కావలసింది ఏదో నిన్నే అడగాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. పేరు పోయిన బాధ కొన్నాళ్లకు తగ్గుతుంది. నన్ను ఒక్క మాట అడగకుండా మా డైరెక్టరును అడిగావే, అది తగ్గేలా లేదు.

విచారణలో జరిగింది ఒకటి నీకు తెలియాలి. బతికున్నప్పుడు బంగారు రంగు అని నేను వర్ణనలో రాశాను. నువ్వు చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. ఈ పురుగుల్లో బతికున్నప్పుడు కూడా గోధుమ రంగులో ఉండేవి ఎన్నో ఉన్నాయి, నీ ముందున్నవీ గోధుమవే, మరి ఏ ఆధారంతో రాశావన్నారు. అంబదాస్ కళ్లతో చూశాడు, ఉత్తరంలో రాశాడన్నాను. అతను అబద్ధం రాసి ఉండొచ్చు కదా అన్నారు. "అంబదాస్ రాయడు. నాకు ఇంకో ఆధారం అక్కర్లేదు" అన్నాను.

నీ ఫిర్యాదు అప్పుడు నా ముందే, బల్ల మీద తెరిచి ఉంది.

కాశీరాం