ముగ్గురం దిగని ఫొటో

డెట్రాయిట్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకి,

విజయ నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం ముగ్గురం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. బుజ్జి పుట్టినప్పటినుంచీ అయిదేళ్ళుగా అలవాటైపోయి చెయ్యి దానంతటదే రాసేస్తోంది. నేనూ బుజ్జీ బాగానే ఉన్నాం. వేళకి తింటున్నాం. ఇక్కడి మన తెలుగాయన రావుగారి భార్య రెండు రోజులకోసారి పక్క ఊరు ట్రాయ్ నుంచి కారేసుకొచ్చి పప్పుచారు, కూర పెట్టి వెళుతోంది. నువ్వు బెంగ పెట్టుకోకు.

టెలిగ్రామ్‌లో నాలుగు ముక్కలే పట్టాయి. ఫోన్‌లో మూడు నిమిషాలూ మనం ఏడవడంతోనే సరిపోయాయి. అందుకే అంతా మొదట్నించీ రాస్తున్నాను.

కిందటి నెల రెండు రాత్రులూ ఒక పగలూ ఆగకుండా మంచు పడింది. శనివారం పొద్దున్న తలుపు తీస్తే మా వీధిలో కార్లు లేవు, వరసగా తెల్లటి దిబ్బలున్నాయి. ఏ దిబ్బ కింద ఎవరి కారుందో ఎవరికీ తెలియదు. నాకు గుండె జారింది గానీ మీ మరిదికి మాత్రం పండగొచ్చినట్టే ఉంది. మంచు ఫొటోలు పంపమని నువ్వు రాసి రెండేళ్ళయింది కదా, ఇవాళ తియ్యకపోతే మీ అక్క నన్ను క్షమించదు అంటూ కెమెరా వెతికారు. కళ్ళజోడు పెట్టె అంత ఉంటుంది అది. నేను చీర కింద ఆయన పాత ప్యాంటు తొడుక్కున్నాను. బుజ్జికి మేజోళ్ళ మీద రొట్టెల ప్లాస్టిక్ సంచులు కట్టి బూట్లు వేశాను. ఇక్కడ మనవాళ్ళందరం అంతే, లోపలికి తడి దిగకుండా.

పెద్ద రోడ్డు దాకా నడిచాం. ఎప్పుడూ ఊపిరి సలపని రోడ్డు, బస్సు లేదు, కారు లేదు. ఎవరూ లేకపోయినా లైట్లు మాత్రం ఎర్రగా, పచ్చగా మారుతూనే ఉన్నాయి. దాన్ని ఫొటో తీశారు. మంచులో సగం కూరుకుపోయిన బస్సునీ, మెట్లు కనపడకుండా పోయిన చర్చినీ, నడుం లోతు మంచులో నన్నూ బుజ్జినీ తీశారు. మీట నొక్కాలని ప్రతిసారీ కుడిచేతి గ్లవ్ తీసేసేవారు. వేళ్ళు కొంకర్లు పోతాయి, వేసుకోండని నేను దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

ఒక ఇంటి ముందు ముసలాయన పారతో మంచు తీస్తున్నాడు, తెల్లాయన. మమ్మల్ని చూసి నవ్వి, కెమెరా ఇలా ఇవ్వండి, ముగ్గురూ నిలబడండి, నేను తీస్తానన్నాడు. మీ మరిది సంతోషంగా ఇచ్చేశారు. నేనే వద్దన్నాను. ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదని అమ్మమ్మ చెప్పేది, ఆవిడ తర్వాత నువ్వు చెప్పావు. మద్రాసులో విమానం ఎక్కేముందు కూడా చెవిలో చెప్పావు, గుర్తుందా? బుజ్జి పుట్టాక ఈ అయిదేళ్ళూ ఆ మాట తప్పలేదు నేను. ఆయన ఆ ముసలాయనకి ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పి కెమెరా వెనక్కి తీసుకున్నారు. కోప్పడలేదు. నవ్వుతూ నాతో, "నాలుగోవాళ్ళు వచ్చాక దిగుదాంలే, తొందరేముంది?" అన్నారు.

తర్వాత తొమ్మిదో రోజు మళ్ళీ కాస్త మంచు పడింది. పొద్దున్నే ఆఫీసుకి టైమవుతోందని పార తీసుకుని కారు చుట్టూ తవ్వడానికి వెళ్ళారు. వంటింటి కిటికీలోంచి చూస్తే కారుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. అలిసిపోయారు, కూర్చోనీ అనుకున్నాను. ఇడ్లీ వాయి దించి, చెయ్యి కడుక్కుని అప్పుడు వెళ్ళాను. వెంటనే వెళ్ళినా దక్కేవారు కాదని డాక్టర్లు అన్నారు. వాళ్ళు అలాగే అంటారు. ఆ ఇడ్లీ వాయి నన్ను వదలడం లేదక్కా.

ఆయన పోయిన పదో రోజున దండ వెయ్యడానికి ఫొటో కావాలన్నారు రావుగారు. ఇల్లంతా వెతికితే ఎటు చూసినా నేనూ బుజ్జీ, లేకపోతే బుజ్జి ఒక్కతే. తీసేది ఎప్పుడూ ఆయనే కదా. పెళ్ళి ఫొటోలు అక్కడే ఉండిపోయాయి. చివరికి డ్రైవింగ్ లైసెన్సు మీది బొమ్మ పెద్దది చేయించి తెచ్చారు. అందులో ఆయన ఎవరో పోలీసు పట్టుకున్న మనిషిలా ఉన్నారు. దానికే దండ వేశాం.

మొన్న ఆ మంచు రీలు కడిగించాను. ఇరవై నాలుగు ఫొటోలు వచ్చాయి. బుజ్జి ఒక్కొక్కటీ ముందేసుకుని "అమ్మా, వేర్ ఈజ్ డాడీ? ఇందులో ఎందుకు లేడు?" అని అడుగుతోంది. తీస్తున్నది డాడీయే కదమ్మా అన్నాను. దానికి నచ్చలేదు. మూడు ఫొటోల్లో మాత్రం మూలన మసగ్గా ఆయన వేలు పడింది, గ్లవ్ లేని వేలు. ఇదిగో మీ నాన్న అని చూపించాను. అవి మూడూ తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది.

ఆ రోజంతా నీ మీద పట్టరాని కోపం వచ్చింది. నువ్వే గనక చెప్పి ఉండకపోతే ఆ ముసలాయన తీసిన ఫొటో ఉండేది అనుకున్నాను. నీకు ఉత్తరమే రాయకూడదనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. బుజ్జికి పదో నెలలో విజయవాడ స్టూడియోకి వెళ్ళాం కదా, ముగ్గురం అయిపోతున్నామని నువ్వు పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడ్డావు, తల కూడా దువ్వుకోకుండా. మేం ముగ్గురం కలిసి ఉన్న ఫొటో ఈ భూమ్మీద అదొక్కటే. నువ్వు నిలబడబట్టే ఉంది. అది నీ బీరువాలోనే ఉండాలి, వెతికి గట్టి అట్టల మధ్య పెట్టి రిజిస్టరు పోస్టులో పంపు. నీ జుట్టు బాగాలేదని నీ వైపు కత్తిరించకు సుమా.

నువ్వడిగిన మంచు ఫొటోలు నాలుగు ఇందులో పెట్టాను. వేలు పడినవి ఇవ్వలేను, ఏమీ అనుకోకు.

ఇంకొక మాట ఉంది. ఇప్పటిదాకా రాయడానికి చెయ్యి రాలేదు. నీరసంగా ఉంటే దుఃఖం వల్లనేమో అనుకున్నాను. గురువారం డాక్టరమ్మ పరీక్ష చేసి మూడో నెల అంది. లెక్క చూసుకుంటే, ఆ శనివారం మంచులో నిలబడ్డ నాటికే ఉంది. ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. ఆ రోజు మేం నలుగురమే అక్కా. ఊరికే వద్దన్నాను.

నన్ను తీసుకెళ్ళడానికి బావగారిని పంపుతానని రాయకు. సోమవారం నుంచి మళ్ళీ ఉద్యోగానికి వెళుతున్నాను. పురుడు ఇక్కడే పోసుకుంటాను. ఆ తర్వాత మళ్ళీ మంచు పడుతుంది కదా, అప్పుడు ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అదే వీధికి వెళతాను. ఆ ముసలాయన ఉంటే ఆయన చేతికే ఈ కెమెరా ఇస్తాను. నువ్వు తిట్టినా సరే, ముగ్గురమే దిగుతాం.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

మా ముగ్గురినీ దీవించు.

నీ చెల్లెలు,
విజయ