లాబ్ తాతగారి గీతలు

హలబ్ ఇత్తడి వీధి, ఉస్తాద్ బద్రాన్‌కు,

హమా నుంచి సిరాజుద్దీన్ సలాములు. మా పెద్ద మసీదులో నమాజు వేళలు చెప్పే ఉద్యోగం ఖాళీ అయింది. వచ్చే నెల ఖాజీగారు పరీక్ష పెడతారు. పొద్దూ చుక్కలూ చూసి వేళ కట్టే ఇత్తడి అస్తుర్లాబ్ ఒకటి నాకు చేసి పంపు. అస్తుర్ అంటే గీతలు. లాబ్ మా మూలపురుషుడు. ఆయన గీసిన గీతలు గనకే దానికా పేరు. వెనకవైపు ఆయన మొదలు నాదాకా ఇరవైయొక్క తరాలూ చెక్కాలి.

సిరాజుద్దీన్

తా.క.: చోటు చాలకపోతే, అడుగున చేసినవాడి పేరంటూ చెక్కుకుంటారే, అది తీసెయ్.

*

సిరాజుద్దీన్ సాహెబుకు సలాములు.

అయ్యా, అది గ్రీకుల మాట. చుక్కను పట్టేది అని అర్థం. అందులో మీ తాతా లేడు, మా తాతా లేడు. ఇక పేరు చెక్కకుండా మా వీధిలో సరుకు గడప దాటదు. తప్పొస్తే ఎవరి చెవి పట్టుకోవాలో జనానికి తెలియాలి కదా.

బద్రాన్

తా.క.: తరాలు చెక్కించుకోవడానికి సమాధిరాయి మేలు. చోటు బోలెడు.

*

బద్రాన్‌కు,

మా తాతను గ్రీకులకు దత్తతిస్తావా? నీ ఉత్తరం విని మా అమ్మ రెండు పూటలు రొట్టె ముట్టలేదు. ఖాజీగారు వంశం చూసే మనిషి. ఈ ఉద్యోగం రాకపోతే మామగారి గొర్రెలే నాకు గతి. చెప్పింది చెయ్యి. ఊరిని బట్టి పొద్దు గీతలు గీసే లోపలి పలక హమాకు కాదు, మక్కాకు గియ్యి. పవిత్రమైన ఊరి పలకకు వంక పెట్టే ధైర్యం ఎవడికుంది?

సిరాజుద్దీన్

తా.క.: మా అత్తయ్య తన పేరూ వెయ్యమంటోంది. చిన్నదిగా వెయ్యి.

*

సాహెబుకు,

పలక ఏ ఊరికి గీస్తే ఆ ఊరి పొద్దే చూపిస్తుంది. ఎండాకాలంలో మక్కాలో మీకన్నా ముందే పొద్దు వాలుతుంది. ఈసారి రంజానేమో ఎండాకాలంలోనే పడింది. చెప్పడం నా వంతు, చెప్పాను. మీరడిగినట్టే చేసి పంపుతున్నాను.

బద్రాన్

తా.క.: నా పేరు వెయ్యలేదు. నలభై ఏళ్లలో ఇదే మొదలు. ఎందుకో ప్రాణం హాయిగా ఉంది.

*

అన్నా బద్రాన్,

ఉద్యోగం వచ్చింది. ఖాజీగారు తరాలన్నీ చదివి కళ్లు తుడుచుకున్నారు. పొద్దు కచ్చితంగా కొలిచి చూపించినతన్ని, ముత్తాత పేరు తెలియదన్నాడని పంపేశారు. అంతవరకూ బాగానే ఉంది.

నిన్న రంజాను తొలిరోజు. పలక చూసి, ఇక ఉపవాసం విడవొచ్చన్నాను. ఊరంతా ఖర్జూరం నోట్లో వేసుకున్నాక చూస్తే, పొద్దింకా మిద్దెల మీదే ఉంది. అందరి ఉపవాసమూ మట్టిగొట్టుకుపోయింది, ఖాజీగారిదీను. "ఇది చేసిన వెధవెవడో పట్టుకురండి" అన్నారాయన. అస్తుర్లాబ్‌ను వెనక్కి తిప్పారు. తరాల చివర, అడుగున, చేసినవాడి పేరుండాల్సిన చోట నా పేరుంది. మా అత్తయ్య తన పేరు మేకుతో అప్పుడే గీకేసుకుంది.

మసీదు కొట్టుగదిలో గడియ పెట్టుకుని ఇది రాస్తున్నాను. తలుపవతల ఊరుంది.

నీ తమ్ముడు సిరాజ్

తా.క.: నీ గడ్డం పట్టుకుని బతిమాలుతున్నాను. ఆ మాట గ్రీకులదేననీ, లాబ్ అనేవాడు మాకేమీ కాడనీ ముద్ర వేసి వెంటనే రాసి పంపు.