ఆకాశం ఓడ, మగ్గం అవతలి పక్క

గద్వాల,
ఆదివారం

ప్రియమైన అక్కకు, చెల్లెలు అనసూయ దండం పెట్టి రాస్తున్నది.

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతి తర్వాత పలక ముట్టింది లేదు కదా. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో అన్నీ కలిసిపోయాయి. గీతలు లేని కాగితం దొరికింది, అందుకని వరుసలు కిందికి జారుతున్నాయి. తప్పులుంటే నువ్వే సరిచేసుకుని చదువుకో.

మీరంతా బాగున్నారా? నాయన మోకాలు ఎట్లా ఉంది? లింగాల దవాఖానలో ఇచ్చిన మందు పూస్తున్నాడా, గూట్లోనే పెట్టాడా? అమ్మకు దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందని బస్సులో కలిసిన మన ఊరి ఆమె చెప్పింది. పెయ్య దూడనా, దున్నపోతునా? ఆమె చెప్పేలోపే దిగిపోయింది. వేరుశనగ ఎట్లా ఉందో రాయి. ఇక్కడ నేనూ, మీ మరిదీ ఇద్దరం బాగున్నాం. నా గురించి ఏమీ దిగులు పడవద్దని అమ్మకు చెప్పు. తింటున్నాను, పడుకుంటున్నాను, జ్వరం కూడా రాలేదు.

ఎండ మాత్రం చెప్పలేను. కృష్ణ దాటితే చల్లగా ఉంటుందేమో అనుకున్నాను, ఏమీ లేదు. మా గది రేకుల గది. పొద్దెక్కేసరికి లోపల కూర్చోలేం, మగ్గం ఉన్న కొట్టంలోనే ఉంటాం. జొన్నరొట్టె ఇక్కడా అదే కానీ పల్చగా కొడతారు. పక్కింటి ముసలామె రాయచూరు వైపు మనిషి. నేను ఆమెకు కూర వేస్తుంటే చేయి అడ్డం పెట్టి "సాకు, సాకు" అంటుంది. చాలు అని కన్నడంలో అర్థమట. మొదటి రోజు తెలియక ఇంకో గరిటె వేశాను. నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే. ఆమె మాట నాకు సగమే తెలుస్తుంది, నా మాట ఆమెకు సగమే వినపడుతుంది. అట్లా గడిచిపోతున్నది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మీ మరిది నేసే చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెండు దారాలు వేరు కాబట్టి ప్రతి వరుసలో ఒకదానికి ఒకటి మెలిపడేట్టు నేయాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. ఈ పక్క నుంచి ఆయన దారం ఉన్న నాడె వేస్తే, అవతలి పక్క కూర్చున్నవాళ్లు అందుకుని, అంచు దారం దానికి మెలివేసి, "పట్టిన" అని గట్టిగా చెప్పాలి. అప్పుడే ఆయన వరుస బిగిసేట్టు దెబ్బ వేస్తాడు. చెప్పకపోతే దారం తేలిపోతుంది, అంచు విడిపోతుంది. పొద్దంతా ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు, ఒకరి చేతిలోది ఒకరు అందుకుంటూ.

ఆ అవతలి పక్క నేను కూర్చుంటానని అనుకున్నాను అక్కా. వచ్చేసరికి అక్కడ సుజాత ఉంది.

సుజాత వెనక ఇంటి సాలెవాళ్ల పిల్ల. వనపర్తిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. ఒక పరీక్ష తప్పి ఇంటికి వచ్చింది. మళ్లీ రాసేదాకా మగ్గం మీద కూర్చుంటున్నది. ఏ వరసలోనో నాకు తెలియదు, ఆయన్ను బావ అంటుంది, నన్ను అక్క అంటుంది. మంచి పిల్లే. అదే నా బాధ. చెడ్డదైతే తిట్టుకునేదాన్ని.

వాళ్లిద్దరికీ ఒక సినిమా ఉంది. ఇంగ్లీషు సినిమా, తెలుగులో మాట్లాడిస్తారు. పేరు నాకు పలకడం రాదు. నక్షత్రాల నడుమ తిరిగే ఓడ, దానికొక ముసలి కెప్టెన్, ఆయనకు ఒక చేయి ఇనుముది, ఆయనకొక బిడ్డ. అది ఎప్పుడో వచ్చిన సినిమా, వీళ్లకు నోటికి వచ్చు. ఈ మధ్య రెండోది వచ్చింది. రెండోది అంటే తర్వాతి కథ కాదట, ముందు కథ. కెప్టెన్ పడుచువాడిగా ఉన్నప్పటిది. తర్వాత వచ్చింది ముందు కథ ఎట్లా అవుతుందని నేను లోపల్లోపలే రెండు రోజులు ఆలోచించాను. అడిగితే నవ్వుతారని అడగలేదు.

సీడీలు కిరాయికి ఇచ్చే ఖాజా భాయ్ రోజూ చాయి వేళకు వస్తాడు. ఇక మొదలవుతుంది. నేను మూలన రాట్నం ముందు కూర్చుని నాడెలోకి దారం కండెలు చుడుతుంటాను.

"తప్పు తీసిన్రు బావా," అంటుంది సుజాత. "ముందు కథల ఓడకు అన్ని మెరిసే అద్దాలే ఉన్నయి. ముసలోడయినంక అదే ఓడకు చేత్తోని తిప్పే పిడులు ఉన్నయి. కొత్తగున్నప్పుడు అద్దాలు, పాతగయినంక పిడులా? పట్టిన."

"యుద్ధంల పగిలిపోయి ఉంటయి. పిడులు పెట్టుకుండు," అంటాడు ఈయన, దెబ్బ వేస్తూ.

"అరే, యుద్ధం ఏడుంది భాయ్?" అని ఖాజా భాయ్. "యుద్ధంల చెయ్యి పోయిందని బిడ్డకు చెప్తడు. ముందు కథల తలుపుల పడి పోయింది. అది గూడ ఎడమ చెయ్యి. ముసలోనికి ఇనుప చెయ్యి కుడిది. తీసినోడు సోయిల లేడు."

అక్కా, ఈ మనిషి ఇంట్లో నాతో "అన్నం పెట్టు", "దీపం తియ్యి" తప్ప మాట్లాడడు. అక్కడ మాత్రం చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేస్తూ, నవ్వుతూ! ఇన్ని మాటలు ఈ మనిషిలో ఎక్కడున్నాయా అనుకున్నాను. నాకు ఒక్కటీ మిగల్చకుండా అన్నీ అక్కడే ఖర్చు పెట్టి వస్తున్నాడు.

అన్నిటికంటే పెద్ద తగాదా ఒక ఆడమనిషి గురించి. పాత సినిమాలో ముసలాయన బిడ్డతో, మీ అమ్మ ఎన్నడూ ఓడ ఎక్కలేదు అని చెబుతాడట. ముందు కథలో ఓడలో ఆయన పక్కనే ఒకామె కూర్చుని నడుపుతుంది. ఆమె ఎవరు? చివర్లో కెప్టెన్ చేతిలో దుప్పట్లో చుట్టిన పసిబిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ ఎవరి బిడ్డ?

"ఆమెనే తల్లి. ముసలోడు బిడ్డకు అబద్ధం చెప్పిండు," అంటాడు ఈయన.

"కాదు బావా. తల్లి వేరే, ఆమె ఇంటికాడ ఉన్నది. గని ఆయన మనసు ఈమె మీదనే ఉన్నది. పక్కన కూసోని పని చేసినామె గద, ఆయన మాటలన్ని ఆమెకే తెలుసు," అన్నది సుజాత. ఇంకా ఏమన్నదంటే, "నేల మీద కూసున్న పెండ్లాం కథల దేనికి పనికొస్తది? అందుకే సూపెట్టలే."

ఖాజా భాయ్ నవ్వాడు. ఈయనా నవ్వాడు. నా చేతిలో దారం పటుక్కున తెగింది. ఎవరూ చూడలేదు.

అమావాస్య నాడు మగ్గాలు ఆపుతారు కదా. ఆ రోజు మధ్యాహ్నం సుజాత వాళ్లింట్లో టీవీకి సీడీ డబ్బా తగిలించి ఆ ముందు కథ వేశారు. నేను గడప దగ్గర కూర్చున్నాను. ఆ ఓడ నడిపే ఆమెను చూడాలనే వెళ్లాను. అందగత్తె కాదు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కానీ కెప్టెన్ ఏదైనా అంటే చటుక్కున జవాబు చెబుతుంది. ఆయన నవ్వుతాడు. చివర్లో ఓడ తలుపు మూసుకుని ఆమె అవతలే ఉండిపోతే నాకు జాలి కూడా కలగలేదు. సినిమా చూసి ఎవరైనా ఇట్లా కుళ్లుకుంటారా? నేను కుళ్లుకున్నాను.

ఆ సాయంత్రం ధైర్యం చేసి ఆయన్ను అడిగాను. అవతలి పక్క నన్నెందుకు కూర్చోబెట్టలేదు, నేనూ సాలెవాళ్ల పిల్లనే కదా, మన ఇంట్లో మగ్గం మూలపడకముందు తాత దగ్గర నేర్చుకున్నాను కదా అని.

ఆయన కోపం చేయలేదు. "నీ చేతులు మంచిగనే ఉన్నయి," అన్నాడు. "గని నీ నోట్లకెల్లి మాట రాదు. మగ్గానికి నోరు గావాలె. నువ్వు పట్టినవో లేదో నాకెట్ల తెలుస్తది?"

నాకు ఏడుపు వచ్చింది, కానీ అది నిజమే అక్కా.

తర్వాత వారం సుజాత పరీక్షకు వనపర్తి వెళ్లింది. మాకు నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు వచ్చి, మగ్గం మీదున్న పెళ్లి చీర ఆగకూడదు, ఎవరినైనా కూర్చోబెట్టు అన్నాడు. ఈయన ఎవరినో అడుగుతానన్నాడు. నేను రాట్నం దగ్గరి నుంచి "నేను కూసుంట" అన్నాను. ఎంత గట్టిగా వచ్చిందంటే నాకే భయమైంది. షావుకారు వెనక్కి తిరిగి, "ఓయ్, ఈ పిల్లకు గొంతున్నదే!" అని నవ్వాడు.

మొదటి రోజు "పట్టిన" అనే మాట గొంతులోనే ఆగిపోయింది. రెండు చోట్ల దారం తేలింది. మళ్లీ విప్పాం. ఆయన తిట్టలేదు. మెల్లమెల్లగా గొంతు వచ్చింది. పని కుదిరింది. అయినా నాకు సంతోషం లేదు. ఎందుకంటే నా ఎదుట ఆయన మౌనంగా కూర్చున్నాడు. సుజాత ఉంటే నక్షత్రాలు, నేనుంటే నాడె చప్పుడు. ఆమె లేకపోయినా ఆమె జాగాలోనే కూర్చున్నట్టు ఉండేది.

ఒక రోజు చేయి ఆడుతుండగానే నోరు తెరిచాను. "ఆ పసిబిడ్డకు పాలెవరు ఇచ్చిన్రు?"

ఆయన చేయి ఆగింది. "ఏ బిడ్డకు?"

"దుప్పట్ల బిడ్డకు. ఓడ నడిపినామె తలుపు మూసుకున్నప్పుడే అవతల్నే ఉండిపాయె. నేల మీది తల్లి ఓడ ఎక్కదాయె. ఆకాశంల అన్ని రోజులు తిరిగిన్రు. ఓడల బర్రె ఉండెనా?"

ఆయన నన్నే చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత నవ్వాడంటే నాడె కింద పడింది. "బర్రె! ఓడల బర్రె!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఖాజా భాయ్ చాయికి రాగానే, "భాయ్, మా ఇంటామె ఒకటి అడుగుతుంది, చెప్పు సూస్త," అన్నాడు. మా ఇంటామె అన్నాడు అక్కా. ఆ రోజంతా ముగ్గురం పాల గురించే కొట్లాడాం. ఖాజా భాయ్ పరేషాన్ అయ్యి, "మా ఇంట్ల అడిగి రేపు చెప్త," అని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆయన ఇంట్లో కూడా మాట్లాడుతున్నాడు. రొట్టె తింటూ, ఆ తలుపు ఎవరు మూశారో చెప్పు అని అడుగుతాడు. నాకు తోచింది చెబుతాను. కాదంటాడు. నేను ఔనంటాను.

నిన్న పొద్దున సుజాత వచ్చింది. పరీక్ష బాగా రాసిందట. నేరుగా కొట్టంలోకి వచ్చి నా భుజం మీద చేయి వేసి, "అక్కా, జర లే, నా జాగ గది," అన్నది.

నా కాళ్లు మగ్గం గుంటలో ఉన్నాయి. లేవలేదు. "పని నడుస్తున్నది," అన్నాను. ఇప్పుడు ఆయన ఒక్క మాట, లేవమని అంటే లేవాలి. లేస్తే మళ్లీ ఆ మూలకే. నేను ఆయన వైపు చూడకుండా అంచునే చూస్తూ కూర్చున్నాను.

ఆయన నాడె విసిరాడు. నేను అందుకుని మెలివేసి "పట్టిన" అన్నాను. దెబ్బ వేశాడు. ఆ తర్వాత తల ఎత్తకుండానే, "సుజాతా, కండెలు అయిపోయినయి. జర చుట్టరాదు," అన్నాడు.

అంతే. ఆ పిల్ల, "పాల సంగతి ఖాజా భాయ్ చెప్పిండు. ఓడల పాలపొడి ఉంటది అక్కా, గంత పరేషాన్ ఎందుకు?" అంటూ రాట్నం ముందు కూర్చుంది. "పొడి కలిపేటందుకన్న ఒకరుండాలె గద," అన్నాను. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇక ఉంటాను. కొంచెం పాత చింతపండు, అమ్మ కొట్టిన కారం ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. ఇక్కడి కారంలో రంగే కానీ ఘాటు లేదు. అమ్మకు, నాయనకు నా దండాలు. మా బావను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. పెద్దలంతా మా ఇద్దరినీ చల్లగా ఉండమని ఒక మాట అనుకుంటే మాకు అదే చాలు.

ఇంకొకటి నీకు మాత్రమే. నిన్న ఆ తర్వాత సుజాత మూలనున్న రాట్నం తెచ్చి ఆయన పక్కగా, దగ్గరగా వేసుకుంది. నేను, "ఈ దిక్కు పెట్టుకో సుజాతా, వెలుతురు ఈడున్నది, ఆడ కండ్లు గుంజుతయి," అన్నాను. పాపం, నా మాట నమ్మి నా వెనక్కి వచ్చి కూర్చుంది. ఇక ఆయనతో మాట్లాడాలంటే నన్ను దాటి మాట్లాడాలి.

వెలుతురు ఆయన పక్కనే ఎక్కువ అక్కా. కిటికీ అటే ఉంది.

అక్కడ బావ ఉత్తరాలు అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపిస్తాడు. ఇది ఆయన చేతికి పోనివ్వకు. నువ్వొక్కదానివే చదివి పొయ్యిలో పెట్టు. కాలేదాకా అక్కడే నిలబడు.

నీ చెల్లెలు
అనసూయ